చంద్రికి జవాబు

తవ్వుడు మిషను మా గల్లీని కోసిన పొద్దుటే చంద్రికి నొప్పులు మొదలయ్యాయి. ఏది ముందు, ఏది వెనక అన్నది నాకూ పొరుగింటి ఆండాలుకూ ఇప్పటికీ తెగని పంచాయితీ. మిషను చప్పుడుకు అదిరి నొప్పులొచ్చాయని ఆండాలు అంటుంది. చంద్రి పెట్టిన అరుపుకు అదిరి మిషనువాడి చెయ్యి జారిందని నేనంటాను. చంద్రి అరుపు వినని వాళ్ళకు నా మాట నమ్మబుద్ధి కాదు. ఒకసారి అది లాల్‌దర్వాజాలో అరిస్తే శాలిబండ ఇరానీ హోటల్లో కప్పుల్లోని చాయ్ దానంతట అదే సాసర్లలోకి దిగింది. ఆ చాయ్ తాగినవాణ్ణి నేనే.

చంద్రి మా బర్రె. తొలిచూలుది. దాని తల్లి మా కొట్టంలోనే పోయింది. లోపల దూడ కాలు మడతపడితే, ఎంత అవస్థపడిందో చెప్పలేను, చివరికి దీన్ని కని కళ్ళు మూసింది. అప్పుడు ఆగమ్మ, అంటే నా ఇల్లాలు, తడి దూడను కొంగులో చుట్టుకుని ఇంటికి తెచ్చింది. సీసాతో పాలు పట్టింది. మంచం పక్కన గోనె పరిచి పడుకోబెట్టింది. నా పక్క వాకిట్లోకి మారింది. ఎవరైనా అడిగితే ఇంట్లో చుట్టాలున్నారని చెప్పేవాణ్ణి.

అందువల్ల చంద్రికి తల్లి అంటే ఒక గొంతు. ఆగమ్మ బకెట్ అంచు మీద గాజులతో టింగుటింగుమని కొట్టి "రా తల్లీ, చంద్రీ" అంటేనే కుడితిలో మూతి పెడుతుంది. అదే బకెట్ నేను కొడితే తల తిప్పి గోడను చూస్తుంది. పెళ్ళయిన కొత్తలో ఆగమ్మ కూడా నన్ను అట్లాగే చూసేది గనక నాకు అదేం కొత్త కాదు.

ఆ ఎండాకాలం ఆగమ్మ నల్లా దగ్గర జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. పెద్దాసుపత్రిలో కొన్నాళ్ళుంచుకుని ఇంటికి పంపారు. మంచం చివర గిలక బిగించి, కాలికి తాడు కట్టి, తాడుకు ఇటుకలు వేలాడదీశారు. ఇటుకలు దించితే ఎముక జరుగుతుంది, జరిగితే ఇక నడక సంగతి మరిచిపోండి అన్నారు. నేను రోజూ పొద్దున లేచి ఆ ఇటుకలకు దండం పెట్టేవాణ్ణి. ఆగమ్మను ఒక్కచోట కుదురుగా ఉంచిన మొనగాళ్ళు ఈ భూమ్మీద అవే.

కానీ చంద్రి తిండి మానేసింది. కొట్టం మా ఇంటికి రెండు గల్లీల అవతల, మొఘల్‌పురా వైపు ఉంది. మా బిడ్డ స్రవంతి అక్కడే కాపురముంటూ బర్రెల్ని చూసుకునేది. అది బతిమాలింది, నేను పాడాను. లాభం లేదు. ఆగమ్మ గొంతును టేపులో పట్టి తీసుకుపోయాను. మొదట చెవులు నిక్కించింది. "రా తల్లీ" అంది టేపు. చంద్రి "అంబా" అని జవాబిచ్చింది. టేపు తన మానాన తాను "తిను తల్లీ" అంటూ పోయింది. చంద్రి మళ్ళీ అరిచింది. టేపు వినిపించుకుంటే కదా! అంతే, వెనక కాలితో ఒక్క తన్ను. ఆ టేప్‌రికార్డరు గోడ దాటి, పక్క దొడ్డి దాటి, ఎవరింటి పప్పులో పడిందో నేటికీ తెలియదు.

"దానికి మాట కాదయ్యా గావాల్సింది," అంది ఆగమ్మ మంచంలోంచి. "జవాబు గావాలె."

ఆ జవాబు మాకు వంశీధర్ ద్వారా దొరికింది. అతను తెనాలి పిల్లవాడు, ఇంజినీరు, మా మేడ మీది గదిలో అద్దెకుండేవాడు. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న కాలం. మా గల్లీ మొత్తానికి అతని నడుముకు ఒక్కటే వేలాడేది. ఒక్క ఫోను ఎవరితో మాట్లాడుతుంది? అతని కంపెనీ కొత్త రకం తీగను పరీక్షించడానికి ఒక గల్లీ కావాలంటే, మా గల్లీని చూపించాడు. ఎనిమిది చోట్ల మాటలు పంపే, వినిపించే డబ్బాలు పెట్టారు. ఏడు ఇళ్ళలో, ఎనిమిదోది నా పోరు పడలేక మా కొట్టంలో.

అతను చెప్పింది నాకు అర్థమైనంతవరకు ఇట్లా. సికింద్రాబాద్‌లోని కంపెనీ ఆఫీసు నుంచి వెంట్రుకంత గాజుతీగ వస్తుంది. అందులో కరెంటు కాదు, వెలుతురు నడుస్తుంది. గల్లీ మూల ఆండాలు గోడకు బిగించిన పెట్టెలో ఆ తీగ ఎనిమిది పాయలవుతుంది. ఆ గోడపెట్టెకు కరెంటు లేదు, బుద్ధి లేదు. వచ్చిన వెలుతురును ఎనిమిది డబ్బాలకు పంచడం, డబ్బాల నుంచి వచ్చింది ఆఫీసుకు పంపడం, అంతే దాని పని. డబ్బాలు మాత్రం ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకోలేవు. ఏ మాటైనా ఆఫీసుకు పోయి తిరిగి రావాల్సిందే. ఎవరు ముందు, ఎవరు వెనక అని వంతులు వేసేదీ ఆఫీసే.

"అంటే ఆండాలు ఇంట్ల చారెడు చక్కెర అడగాల్నంటే నేను సికింద్రాబాద్ పోయి రావాల్నా?" అన్నాను.

"వెలుతురు కదా తాతగారూ, రెప్పపాటులో పోయొస్తుందండీ."

"నడుమ చాయ్‌కి ఆగకుంటే సరే."

ఏదైతేనేం, డబ్బాలు పనిచేశాయి. చప్పుడైతే చాలు, మీట నొక్కే పని లేకుండా తమంతట తామే తెరుచుకునేవి. పేడ చేతులవాళ్ళం కదా అని వంశీధరే అట్లా పెట్టాడు. ఆగమ్మ మంచంలోంచి గాజులు కొడితే కొట్టంలో టింగుమనేది. చంద్రి అరిస్తే మా ఇంట్లో కుండలు కదిలేవి. అది అడిగేది, ఆగమ్మ చెప్పేది. చంద్రి తినడం మొదలుపెట్టింది, ఒళ్ళు నిండింది, నెలలు దగ్గరపడ్డాయి.

సరిగ్గా ఆ పొద్దున మిషను వచ్చింది.

మురికినీళ్ళ మోరీ పని అన్నారు. మిషను పన్ను నేలలోకి దిగి నీళ్ళ పైపును, టెలిఫోను తీగలను, మా గాజుతీగను కలిపి ఒక్క గుంజు గుంజింది. గల్లీ నిండా నీళ్ళు, మధ్యలో మనిషి లోతు గుంత. మిషనువాడు తాళం చెవి జేబులో వేసుకుని మాయమయ్యాడు.

కాసేపటికి డాబాల మీదుగా కేక వచ్చింది. కొట్టం వైపు ఎవరో అరిస్తే ఇంకో డాబావాళ్ళు అందుకుని, వాళ్ళ నుంచి ఆండాలు అందుకుని మా వాకిట్లోకి విసిరింది. ఆండాలు పొరుగింటి పాలామె. మనిషి పొట్టి, గొంతు పొడుగు.

"అన్నా! చంద్రికి నీళ్ళతిత్తి పగిలిందట! ఒక్క కాలే బయటికొచ్చిందట!"

ఒక్క కాలు. దీని తల్లికీ అంతే. ఒక్క గిట్ట బయటికి, రెండోది లోపల మడతపడి. మంచంలో ఆగమ్మ డబ్బా వైపు చేయి చాపి, గాజులతో మంచం పట్టె మీద కొట్టింది. డబ్బా మీద రోజూ పచ్చగా వెలిగే దీపం ఎర్రగా ఉంది. మళ్ళీ కొట్టింది.

"ఇటుకలు దించు," అంది.

"పిచ్చా నీకు?"

"దించుతవా, నేను తాడు తెంపుకోవాల్నా? నలుగురు గీ మంచం లేపుండ్రి. తీస్కపోండ్రి."

"గుంత ఎట్ల దాటాలె? మంచం మీద బోనం లెక్క ఊరేగిస్తరా నిన్ను?" అన్నాను. ఆమె చేయి తాడు ముడి మీద ఉంది. నేను ఆ చేతిని పట్టుకుని కూర్చున్నాను. ఇటుకలు మాత్రం మెల్లగా ఊగుతున్నాయి.

ఇంతలో రెండో కేక వచ్చింది. పశువుల డాక్టరు సోమశేఖర్ చుట్టుదారిన కొట్టానికి చేరాడట. లోపల చెయ్యి పెట్టి మడత కాలిని సరిచేయాలట. చంద్రి దగ్గరికి రానివ్వడం లేదట. ఒక్క తన్నుకు ఆయన సంచి ఒకవైపు, ఆయన ఒకవైపు పడ్డారట. మత్తు సూది వేస్తే నొప్పులు ఆగిపోతాయి, అప్పుడు రెండు ప్రాణాలూ పోతాయి అంటున్నాడట.

"ఎంతసేపు ఉన్నది టైం?" అని అరిచాను.

ఆ ప్రశ్న డాబాల మీద ఎగిరిపోయి, జవాబు తిరిగి వచ్చేసరికి నాకు ఒక యుగం గడిచినట్టయింది.

"ఎక్కువ లేదంటున్నడు అన్నా! బర్రె నిలబడ్డంతసేపే అంటున్నడు!"

వంశీధర్ మెట్లు దిగి వచ్చాడు. అప్పటికే గుంతలోకి దిగి చూసి వచ్చినట్టున్నాడు, మోకాళ్ళ దాకా బురద. ఆఫీసుకు ఫోన్ చేశాడట. తీగ అతికేవాళ్ళు సాయంత్రానికి గానీ రారట.

"సాయంత్రం ఏం చేసుకోను బిడ్డా?" అన్నాను. "మా ఇంటి నుంచి మా కొట్టానికి మధ్యల తీగ మంచిగనే ఉన్నది కదా? తెగింది ఆఫీసు దిక్కు కదా?"

"అవునండీ. కానీ మీ మాట పైకి వెళ్ళాలి, ఆఫీసు దాన్ని కిందికి పంపాలి. పైన తిప్పి పంపేవాళ్ళు లేరిప్పుడు." అంటూనే ఆగాడు. చూపు గోడపెట్టె వైపు పోయింది. "ఆ పెట్టెకి పైవైపు రెండు నోళ్ళున్నాయండీ. ఒకదాన్లో ఆఫీసు తీగ. రెండోది ఖాళీ. ఆ రెండిటినీ చిన్న తీగతో కలిపేస్తే, పైకెళ్ళిన వెలుతురు అక్కడే గిరుక్కున తిరిగి కిందికొచ్చేస్తుంది. డబ్బాలు నేరుగా ఒకదాని మాట ఒకటి వింటాయి. ఈ డబ్బాలకి ఆ చెవి ఉంది కూడా. నేనే పెట్టించాను."

"మరి ఇన్నొద్దులు ఎందుకు కలపలే?"

"పైవాళ్ళు వద్దన్నారండీ. తిరిగొచ్చిన వెలుతురు ఒక్క డబ్బాకే పోదు, ఎనిమిదిటికీ పోతుంది. ఎవరింటి మాట అయినా అందరింట్లో వినపడుతుంది."

"గిప్పుడు మాత్రం వినపడ్తలేదా?" అంది గుమ్మంలోంచి ఆండాలు. "కలుపు జల్ది!"

నిచ్చెన బురదలో దిగబడుతుంటే నేనూ ఆండాలూ చెరోవైపు పట్టుకున్నాం. వంశీధర్ పైకెక్కి పెట్టె తెరిచి, తెగిన ఆఫీసు తీగ పీకేసి, బెత్తెడు పసుపుపచ్చ తీగను ఆ నోట్లో ఒక చివర, ఈ నోట్లో ఒక చివర పెట్టాడు. అంతే. మంత్రం లేదు, మిషను లేదు. మా ఇంట్లో డబ్బా దీపం పచ్చబడింది.

నేను లోపలికి పరిగెత్తేసరికి డబ్బాలోంచి చప్పుడు. ఏం చప్పుడని చెప్పను? ఒక మిక్సీ సగం, ఒక కుక్కరు కూత పావు, "ఏందిరో గిది" అనే మాటలో "ఏం" మాత్రమే, ఆపైన గర్రుమని జల్లెడలో రాళ్ళు పోసినట్టు. ఆగమ్మ "చంద్రీ" అంది. ఆ పిలుపు రాళ్ళలో కలిసిపోయింది. కొట్టంలోనూ ఇదే మోత మోగిందని వెంటనే తెలిసింది. డాబాల మీదుగా కేక వచ్చింది. చంద్రి బెదిరి పలుపు తెంపుకుందట, స్రవంతి గోడకు నక్కి నిలబడిందట.

వంశీధర్ గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చాడు. "ఇద్దరు ఒకేసారి మాట్లాడితే వెలుతురు మీద వెలుతురు పడి ఎవరిదీ వినపడదండీ. వంతులు వేసే ఆఫీసు లేదు కదా. ఎనిమిది చోట్ల చప్పుళ్ళు ఒక్కసారే… అందర్నీ డబ్బాలు ఆపెయ్యమనాలి. మనదీ కొట్టందీ తప్ప. కానీ ఎవరు ఆపారో ఎవరు ఆపలేదో మనకెలా తెలుస్తుంది?"

లాల్‌దర్వాజాలో అందరూ ఒకేసారి నోరు మూసుకోవడం! నేను లాగు తొడుక్కున్న వయసు నుంచీ ఈ గల్లీలో అట్లాంటిది జరగలేదు. నా ధైర్యం అక్కడే జారింది. కానీ ఆండాలు చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుంది.

"నల్లా కాడ ఎట్ల తెలుస్తది సారూ? బిందె చెప్తది."

మా గల్లీలో నల్లా వచ్చేముందు మనుషులు వరసలో నిలబడరు, బిందెలు నిలబడతాయి. ఎవరి బిందె ఎక్కడుంటే వాళ్ళ వంతు అక్కడ. ఈ పూట నాకు నీళ్ళొద్దు అనుకున్నామె తన బిందెను బోర్లిస్తుంది, వరస ఆమెను దాటి పోతుంది. ఆ బోర్లించిన బిందెను ఎవరూ ముట్టరు, ఎవరూ ప్రశ్నించరు. నల్లా దగ్గర జుట్లు పట్టుకున్న రోజుల్లో కూడా ఆ కట్టుబాటు తప్పలేదు.

ఆండాలు డాబా ఎక్కింది. దాని గొంతు ఆ రోజు చంద్రి గొంతును మించిందంటే అది నా ఇంటి బర్రెకు అవమానమేమీ కాదు.

"ఓ అక్కల్లారా! ఆగమ్మ వదినె బర్రె పాణం మీదున్నది! మీ ఇంట్ల డబ్బా వైరు పీకుండ్రి! పీకినోళ్ళు పిట్టగోడ మీద బిందె బోర్లియ్యుండ్రి! నేను జూస్తున్న!"

ఒక పిట్టగోడ మీద ఇత్తడి బిందె బోర్లపడింది. తర్వాత స్టీలు బిందె. తర్వాత ఒకటి ప్లాస్టిక్‌ది. ఎదురింటావిడకు ఆండాలుకు మాటల్లేవు. అయినా ఆ ఇంటి మీద కూడా బిందె బోర్లపడింది. ఆండాలు తన బిందె తానే బోర్లించింది. మా డాబా ఎక్కి నేను పెట్టిన మా బిందె ఒక్కటే పిట్టగోడ మీద నిటారుగా నిలబడింది. గల్లీలో నీళ్ళ పారుడు తప్ప చప్పుడు లేదు.

నేను కిందికి దిగి ఆగమ్మ మంచం దగ్గర నిలబడ్డాను. డబ్బాలో రాళ్ళ మోత ఆగిపోయింది. దాని స్థానంలో ఒక మగగొంతు, గాజు పలకలా స్పష్టంగా పలికింది:

"…రైతు సోదరులారా, తొలకరికి ముందే మీ పశువులకు కడుపు పురుగులు పోయే నట్టల మందు తాగించండి…"

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"ఎవడయ్యా వీడు?" అంది ఆగమ్మ.

నాకు తెలుసు. గల్లీ అంతటికీ తెలుసు. వెంకట్రావుగారిల్లు. బిందె లేని పిట్టగోడ అదొక్కటే. ఆయనదీ గుంటూరు వైపే, సర్కారు ఆఫీసులో ఉద్యోగం. ఆయన భార్య కమలకుమారి ఇంకో ఆఫీసులో. ఇద్దరూ పొద్దున తాళం వేసి పోతూ, ఇంట్లో మనుషులున్నారని దొంగలు అనుకోవాలని రేడియో పెట్టి పోతారు. పాతబస్తీ మీద వాళ్ళకు అంత నమ్మకం. ఆ రేడియో డబ్బా పక్కనే ఉంది. ఆ డబ్బా దాని ప్రతి మాటకూ నోరు తెరుస్తోంది.

ఆగమ్మ "చంద్రీ" అని పిలిచింది. గర్రుమంది. మళ్ళీ పిలిచింది. మళ్ళీ గర్రు. మనిషైతే ఒక్కసారైనా ఊపిరి కోసం ఆగుతాడు. రేడియోకు ఆగడం ఎక్కడిది? నట్టల మందు అయిపోయి ఎరువుల ధరలు మొదలయ్యాయి.

"దాని తల్లి గుడ గిట్లనే జూసింది నా దిక్కు," అంది ఆగమ్మ మెల్లగా. "ఆఖర్ల."

నేను ఆ మాట వినలేక బయటికి పరిగెత్తాను. నా వయసువాళ్ళు పరిగెత్తడాన్ని మా గల్లీలో పరుగు అనరు గానీ, ఆ రోజు మిషను గుంతను నేను ఎట్లా దాటానో నాకే తెలియదు. ఎగిరానని ఆండాలుతో చెప్పాను. బురదలో పడి లేచావని అది అందరికీ చెప్పింది.

వెంకట్రావుగారి వసారాలో మీటరు పలక ఉంది. ఫ్యూజు పీకాను. ఒక్క క్షణం నిశ్శబ్దం. అంతలో లోపల టక్కుమని ఏదో పడి, ఎరువుల ధరలు ఆగినచోటి నుంచే సాగాయి.

"ఇన్వర్టరు!" అన్నాడు వెనకనే వచ్చిన వంశీధర్, తల పట్టుకుని. "పోయిన నెలే కొన్నారండీ."

ఆండాలు ఆ ఇంటి డాబా మీదికి ఎక్కేసింది. చేతిలో గడ్డికోసే కొడవలి. గోడ వెంబడి వచ్చే నల్లటి సన్న తీగను రెండు వేళ్ళతో పట్టుకుంది. "ఇదేనా వైరు? కోస్తున్న!"

"కొయ్యకండి ఆండాలుగారూ! కోస్తే మళ్ళీ అతకడానికి… వంచితే చాలు!"

"వంచుడేందయ్యా? గీ టైంల నీ తీగ నడుం నొప్పి నేను జూడాల్నా?"

"వెలుతురు పెద్ద మలుపైతే తిరుగుతుందండీ. మరీ చిన్న మలుపైతే తిరగలేదు, తీగలోంచి బయటికి పడిపోతుంది!"

ఆ మాట మాత్రం నాకు ఠక్కున అర్థమైంది. మా గల్లీ మలుపులో లారీలు ఇరుక్కోవడం రోజూ చూసేవాణ్ణే కదా. వంశీధర్ పైకెక్కి బ్లేడుతో నల్లతోలు జానెడు మేర ఒలిచాడు. లోపల సాలెపురుగు వదిలిన దారంలా తీగ మెరిసింది. తెగితే తెగనీ అని నేనంటే, పోయేది నా ఉద్యోగం కదండీ అన్నాడు. జేబులోంచి పెన్సిలు తీసి దానికి చుట్టడం మొదలుపెట్టాడు.

ఒక చుట్టు. కింద నేను కిటికీకి చెవి పెట్టి వింటే రేడియో గోలగానే ఉంది. దాని నోరు మూయలేం, దాని మాట గడప దాటకపోతే చాలు. రెండో చుట్టు. మా డాబా మీద నిలబడ్డ వాళ్ళెవరో లోపలి డబ్బాకు చెవి ఒగ్గి "ముక్కలు ముక్కలైతున్నది!" అని కేకేశారు. ఇంకో చుట్టు, మరింత బిగువుగా.

"బంద్ అయ్యింది!"

వంశీధర్ పెన్సిలు అట్లాగే పట్టుకుని కూర్చుండిపోయాడు. వదిలితే విడిపోతుందని భయం. సాయంత్రం వెంకట్రావుగారు వచ్చి, తమ డాబా మీద ఒక ఇంజినీరు పెన్సిలు పట్టుకుని, బుర్రకు కొంగు కప్పుకుని ఎండలో ఎందుకు కూర్చున్నాడట అని అడిగితే, చెప్పిన మాట ఆయన నమ్మలేదు. ఆ కొంగు ఎవరిదో మాత్రం గల్లీ అంతా అడిగింది. ఆండాలు పాత చీర ముక్క, మరేం లేదు.

నేను మా ఇంటికి చేరేసరికి ఆగమ్మ కళ్ళు మూసుకుని ఉంది. డబ్బాలోంచి ఒకే ఒక చప్పుడు వస్తోంది. శ్వాస. పెద్ద శ్వాస, మధ్యలో తెగుతూ. కొట్టంలో డాక్టరుకూ స్రవంతికీ నోరెత్తవద్దని డాబాల మీదుగా ముందే చెప్పాం.

"పిలువు," అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. నేను కుడితి బకెట్ తెచ్చి ఆమె చేతి దగ్గర పెట్టాను. అయినా ఆగింది. ఎందుకో నాకు బోధపడలేదు.

డబ్బాలో చంద్రి అరిచింది. రోజూ వినే అరుపు కాదది. చాయ్ కప్పులు కదిలించేది కాదు. సన్నగా, చివర వంగి, ప్రశ్నలా ఉంది.

అది పూర్తయ్యాక ఆగమ్మ గాజులు కొట్టింది. టింగుటింగు. "ఉన్న తల్లీ. ఈడనే ఉన్న."

శ్వాస ఒక్కసారి నిలిచింది. మళ్ళీ అరుపు, ఈసారి పొట్టిగా. ఆగమ్మ ఆగింది. అరుపు తోక కూడా పూర్తిగా అణిగాక జవాబిచ్చింది. "నిలబడు చంద్రీ. డాక్టర్ సాబ్ మంచోడు. తన్నకు."

చంద్రి మాట్లాడేటప్పుడు ఆగమ్మ మాట్లాడదు. ఆగమ్మ మాట్లాడేటప్పుడు అది ఊపిరి కూడా మెల్లగా తీస్తుంది. వంతులు వేసే ఆఫీసు తెగి గుంతలో పడి ఉంది. అయినా ఒక్క మాట మీద ఒక్క మాట పడలేదు. వాళ్ళిద్దరికీ ఆ అలవాటు ఎవరూ నేర్పలేదు. సీసాపాల రోజుల నుంచీ ఉందంతే. నేను ఆమెతో ఇన్నేళ్ళ కాపురంలో ఒక్క మాటైనా అడ్డం పడకుండా విన్నానా అని ఆలోచించబోయి, అది ఆలోచించే వేళ కాదని మానుకున్నాను.

ఆపైన చాలాసేపు ఏదో రాపిడి, గిట్టల అదురు, డాక్టరు పళ్ళు బిగబట్టిన ఊపిరి. చంద్రి మూలిగింది. ఆగమ్మ "అయిపాయె తల్లీ, అయిపాయె" అంది. మళ్ళీ మూలిగింది. ఏదో జారిపడిన చప్పుడు. దాని తరువాత ఏమీ లేదు.

శ్వాస కూడా లేదు.

డబ్బా దీపం పచ్చగానే ఉంది. తీగ బాగుంది. అవతల చప్పుడే లేదు. ఆగమ్మ చేయి బకెట్ అంచు మీద అట్లాగే ఉంది.

"పిలువే," అన్నాను. "పిలువు, పోతదది!"

ఆమె వేలు పెదవి మీద పెట్టుకుని నన్ను చూసింది. ఇప్పుడు మాట్లాడాల్సింది చంద్రి. దాని వంతులోకి ఆగమ్మ పోదు. ప్రాణం పోతున్నా పోదు. కళ్ళలోంచి నీళ్ళు కారి చెవుల్లోకి పోతున్నాయి, తుడుచుకోదు. బయట పిట్టగోడల మీద మాది తప్ప బిందెలన్నీ బోర్లించి ఉన్నాయి. గల్లీ మొత్తం ఆ మౌనాన్ని మోస్తూ నిలబడింది.

అప్పుడు డబ్బాలోంచి తడిసిన గుడ్డ విదిలించినట్టు ఒక చిన్న తుమ్ము వినిపించింది.

ఆ వెంటనే చంద్రి గొంతు. అరుపు కాదు. గొంతు లోపల్లోపలే, నోరు తెరవకుండా, బరువుగా, మెత్తగా. నేను బర్రెల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి, అయినా చంద్రి నోట ఆ చప్పుడు ఎప్పుడూ వినలేదు. మళ్ళీ అదే చప్పుడు. పిలుస్తోంది.

ఆగమ్మ జవాబివ్వలేదు.

"పిలుస్తున్నది గదనే," అన్నాను. "పలుకవేంది?"

ఆమె నవ్వింది. ఇటుకలు వేలాడదీసిన నాటి నుంచీ ఆ నవ్వు చూడలేదు నేను.

"నన్ను గాదయ్యా," అంది. "గది నన్ను పిలుస్తలేదు. మన డబ్బా వైరు పీకు. తల్లీబిడ్డలు మాట్లాడుకుంటున్నరు."

నేను వైరు పీకి, డాబా ఎక్కి, మా బిందెను కూడా బోర్లించాను.